బరువైన మీటరు

మొదట్లో తూకంగారి చేతిలో ఉన్నవి మూడు: కూతురు కవర్లో పెట్టి ఇచ్చిన కాస్త సొమ్ము, సరుకు ఎంచడంలో బజారంతా ఒప్పుకున్న పేరు, ఆ పేరు ఈసారి నిలబడుతుందా లేదా అన్న బెంగ. మూడింట్లోకీ మూడోదే ఎక్కువ బరువు తూగేది.

ఆయనకి కార్ల విడిభాగాల కొట్టు ఉంది. ఫిల్టర్లు, బ్రేకు షూలు, బల్బులు, వైపర్లు అమ్ముతాడు. ఎవరు ఏ సరుకు తెచ్చినా ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేస్తాడు. "ఇందులో ఇనుముంది" అన్నాడంటే ఆ సరుకు అరలోకి ఎక్కుతుంది. "ఇందులో గాలుంది" అన్నాడంటే తెచ్చినవాడు మారు మాట్లాడకుండా పెట్టె సర్దుకుంటాడు. అలా తూకం అన్న పేరు పడింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

కూతురు డ్రైవింగు స్కూల్లో టీచరు. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్లు కారుని గోడకి తగిలించకుండా తన వైపున్న బ్రేకు తొక్కడమే ఉద్యోగం. ఆ కసి తీర్చుకోవడానికో ఏమో, కూడబెట్టిందంతా పోసి ఒక పాత టర్బో కారు కొంది. ఊరి బయట వాడకుండా వదిలేసిన విమానాల మైదానంలో కార్ల క్లబ్బువాళ్లు పరుగులు పెడతారు. అక్కడ తోలడానికి.

"ఫ్రిజ్ మార్చుదామే అంటే పొగ కొనుక్కొచ్చింది" అంది వాళ్లమ్మ, కారు మొదటిసారి ఇంటి ముందు ఆగినప్పుడు.

ఆ కారులో ఒక లోటుంది. ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోతే చెప్పడానికి ఒక్క ఎర్రదీపమే ఉంది. మామూలుగా తోలేవాళ్లకి అది చాలు. టర్బో బండిని పిండి పిప్పి చేసేవాళ్లకి చాలదు. ఆ దీపం వెలిగేసరికి లోపల జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ముందుగా చెప్పాలంటే సూది ఉన్న మీటరు కావాలి.

"మీటర్లు నువ్వే ఎంచు నాన్నా" అంది కూతురు, కవరు బల్ల మీద పెడుతూ. "నూనె ఒత్తిడిదొకటి, టర్బోదొకటి. పేరున్న కంపెనీవి నాకు అందవు. మరీ నాసిరకానివి వద్దు. మధ్యలో ఏదో ఉంటుంది కదా, అది నీ చేతికే తెలుస్తుంది."

"తెలియకపోతే?"

"నీకా?" అని నవ్వింది. ఆ నవ్వు చివర్లో కాస్త సన్నబడింది. "ఇంజను పోతే ఇంకోటి కొనే స్తోమత నాకు లేదు నాన్నా. ఆ రోజు కారుని తుక్కుకి వేసుకోవడమే."

ఆయన అప్పటిదాకా అలాంటి మీటరు ఒక్కటి కూడా అమ్మలేదు. ఆ మాట ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు. కొట్లో "తెలియదు" అన్న మాట అనడం మొదలుపెడితే ఇక షట్టరు దించుకోవడమే అని ఆయన నమ్మకం.

మొదటి షాపులో పెట్టె మీద పులి బొమ్మ ఉన్న మీటరు చూపించారు. నల్లటి ముఖం, ఎర్రటి సూది, ఏడు రంగుల వెలుగు.

"బటను నొక్కితే ఊదా, మళ్లీ నొక్కితే ఆకుపచ్చ" అన్నాడు షాపతను.

"రంగులు మా ఇంటావిడ చూసుకుంటుంది. సూది సంగతి చెప్పు."

"సూదికేం సార్, మీరే చూడండి."

ఆయన అరచేతిలో పెట్టి ఎగరేశాడు. పడ్డప్పుడు చేతిలో దిమ్మలా కూర్చుంది. ఇనుముంది. మనసు కొంచెం కుదుటపడింది. అయినా ఒక్క షాపు మాట మీద సరుకు తీసుకునే మనిషి కాదాయన. వెనక వీధిలో ఇంకో షాపుకి వెళ్లాడు. అక్కడ వేరే కంపెనీ, పెట్టె మీద మెరుపు బొమ్మ. ఇదీ దిమ్మలాగే ఉంది. రెండూ తీసుకుని, నచ్చనిది తిరిగిచ్చేలా మాట ఖాయం చేసుకుని, బావమరిది షెడ్డుకి వెళ్లాడు.

బావమరిది మెకానిక్కు. ఆయన భార్యకి తమ్ముడు. మేనకోడలి కారు పనంతా అతనిదే.

"రండి బావా, పెళ్లిచూపులా? ఇద్దర్ని పట్టుకొచ్చారు" అన్నాడు, పెట్టెలు చూసి.

"ముగ్గురైతే ఇంకా బాగుండు. నీ దగ్గర పాతదేదైనా ఉందా?"

బావమరిది నట్ల డబ్బాలో చెయ్యి పెట్టి కెలికి, ఒక ఇత్తడి మీటరు తీశాడు. ఎప్పుడో పాత జనరేటరు నుంచి ఊడదీసింది. అద్దం పసుపుపచ్చగా మారింది. ముఖం మీద అంకెలు తప్ప ఇంకేమీ లేవు. తూకం దాన్ని ఎగరేసి చూసి మూతి విరిచాడు. "ఇందులో గాలుంది."

"మీ పెళ్లిరోజు నా గురించీ అదే అన్నారట."

"అది ఇప్పటికీ మార్చుకోలేదు."

కాలితో తొక్కే గాలి పంపుకి ఒక మూడు దారుల గొట్టం బిగించి, మూడు మీటర్లూ కలిపారు. కొత్తవాటికి బ్యాటరీ తీగలు ఇచ్చారు. బావమరిది తొక్కుతుంటే ఆయన వంగి చూశాడు. పులి అరవై చూపించింది. మెరుపు అరవై. ఇత్తడిది నలభై దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి తొక్కారు. కొత్తవి రెండూ మళ్లీ ఒకే మాట. పాతది మళ్లీ వెనకే.

"ముసలాయన ఆయాసపడుతున్నాడు" అన్నాడు బావమరిది.

తూకంకి గుండెల మీద నుంచి రాయి దిగినట్టయింది. రెండు వేరు వేరు షాపులు, రెండు వేరు వేరు కంపెనీలు. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పాక ఇంకేం కావాలి? పైగా రెండింట్లోనూ ఇనుముంది. మెరుపుని తిరిగిచ్చేసి, పులి కంపెనీదే టర్బో మీటరు కూడా బేరమాడి తెచ్చాడు. కవర్లో ఇంకా కొంత మిగిలింది. దాన్ని కూతురి చేతిలో పెడుతున్నప్పుడు ఆయన ముఖం చూడాల్సిందే. ఇత్తడి మీటరుని, ఊరికే పారేయడమెందుకని, కొట్లో బిల్లుల మీద బరువుకి పెట్టుకున్నాడు. నిజానికి దాని బరువు బిల్లులకి కూడా సరిగ్గా చాలేది కాదు. ఫ్యాను వేస్తే కదిలేది.

తర్వాత కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. కూతురు సెలవురోజుల్లో మైదానానికి వెళ్లేది, పొగ వాసనతో తిరిగొచ్చేది, అన్నం ముందు కూర్చుని ప్లేటు అంచు మీద చేత్తో మలుపులు గీసి చూపించేది. ఒక రోజు అలా గీస్తూ ఆగింది.

"పెద్ద మలుపుంది చూడు మామయ్యా, ఎడమవైపుది. అక్కడ తిప్పి పట్టుకున్నప్పుడు లోపల ఏదో శబ్దం. కంకర నమిలినట్టు. ఒక్క క్షణం. మళ్లీ ఉండదు."

భోజనానికొచ్చిన బావమరిది తలెత్తాడు. "మీటరు ఎంత చూపించింది?"

"అది అలాగే నడిమధ్యలో ఉంది. కదల్లేదు."

"అయితే నూనె బాధ కాదు. ఇంజను లోపలి గొలుసు వదులై ఉంటుంది. చూద్దాంలే."

గొలుసు చూశారు. గొలుసు బాగానే ఉంది. తర్వాతి వారం ఆమె మళ్లీ శబ్దం విన్నానంది. మళ్లీ అందరూ మీటరు సంగతే అడిగారు. మళ్లీ అది కదల్లేదు.

తూకంకి తిండి సయించడం మానేసింది. కొట్టు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా కారులో కూర్చుని, ఇంజను స్టార్టు చేసి, సూది వంక చూసేవాడు. సూది లేచి నడిమధ్యకొచ్చి బుద్ధిగా నిలబడేది. చూస్తే ధైర్యంగా ఉండేది. దిగి నాలుగడుగులు వేసేసరికి ఆ ధైర్యం ఏమయ్యేదో తెలిసేది కాదు. అప్పు కట్టని ఖాతాదారుడొకడు ఉండేవాడు. ఎప్పుడు అడిగినా "అంతా బాగుందండీ" అనేవాడు. దుకాణం ఎత్తేసిన రోజు పొద్దున కూడా అలాగే అన్నాడు. ఎందుకో ఆ మీటరుని చూసినప్పుడల్లా అతని ముఖం గుర్తొచ్చేది.

"కారుకి జ్వరమా, మీకా?" అని అడిగింది భార్య.

"దానికేం. సూది నిలబడే ఉంది."

"మరి మీరు కూర్చోలేకపోతున్నారేం?"

క్లబ్బువాళ్ల పెద్ద పరుగు రోజు వచ్చింది. అందులో మంచి టైము తెచ్చుకున్నవాళ్లని ఆ ఏటి జట్టులోకి తీసుకుంటారు. కూతురూ బావమరిదీ తెల్లారగానే కారు తీసుకుని వెళ్లారు. తూకం కొట్టు తెరిచాడు. మధ్యాహ్నం మూసేసి వెళ్లి చూద్దామనుకున్నాడు.

ఎండెక్కాక ఒక పెద్దాయన వైపర్లకొచ్చాడు. రెండు కంపెనీల పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. "ఏది మంచిదంటారు?"

తూకం వేల సార్లు అన్న మాటే అన్నాడు. చూపు కూడా తిప్పలేదు. "రెండూ ఒక్కచోట తయారయ్యేవే సార్. పెట్టె మాత్రమే వేరు. మీకు ఏ రంగు పెట్టె నచ్చితే అది తీసుకోండి."

పెద్దాయన నవ్వాడు. తూకం నవ్వలేదు. తన నోట్లోంచి వచ్చిన మాట ఇంకా గాల్లోనే వేలాడుతున్నట్టు దాని వంకే చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా వైపర్ల దగ్గర తెలిసిన సంగతి, బల్బుల దగ్గర తెలిసిన సంగతి, ఫిల్టర్ల దగ్గర తెలిసిన సంగతి, మీటర్ల దగ్గరకొచ్చేసరికి ఎటు పోయింది? ఒకరి ముఖం ఒకరు ఎరగని సాక్షులా? ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లయితే ఒకే అబద్ధం చెప్పరా?

బిల్లుల మీదున్న ఇత్తడి మీటరు లాక్కున్నాడు. బిల్లులు ఎగిరిపోయాయి.

"సార్, కాసేపు కొట్టు చూస్తూ ఉండండి."

"నేనా?" అన్నాడు పెద్దాయన.

"రెండు జతలూ ఊరికే తీసుకోండి" అంటూ ఆయన అప్పటికే స్కూటరెక్కాడు.

వెనక వీధి షాపులో, తను తిరిగిచ్చిన మెరుపు మీటరు అద్దాల అల్మరాలో ఉంది. ఇప్పించుకుని తిరగేశాడు. వెనక మూడు మరలు, ఒకటి మిగతావాటికంటే పొట్టి. మూత అంచున అచ్చులో పడిన నొక్కు, గోరుతో గీసినంత. పులి మీటరుని డాష్‌బోర్డుకి బిగించేటప్పుడు లైటు పట్టుకుని నిలబడ్డది తనే. ఆ నొక్కూ, ఆ పొట్టి మరా కళ్లముందే ఉన్నాయి. అప్పుడు కనబడ్డాయి, ఇప్పుడు అర్థమయ్యాయి.

కూతురికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బావమరిదికి చేశాడు. ఆ రొదలో ఎవరికి వినబడుతుంది?

దారిలో టైర్ల షాపు దగ్గర ఆగాడు. అక్కడ గాలి కొట్టే మీటరుకి తూనికల శాఖవాళ్లు ఏటేటా పరీక్ష చేసి సీలు వేస్తారు. ఇత్తడిదాన్ని వాళ్ల గాలి గొట్టానికి పట్టించమని బతిమాలాడు. షాపు మీటరు నలభై చూపించింది. ఇత్తడిది నలభై చూపించింది. షాపతను ఇంకాస్త గాలి వదిలాడు. రెండు సూదులూ పక్కపక్కనే నడిచాయి.

"బాగానే ఉంది కదండీ" అన్నాడతను. "ఎందుకంత చెమటలు పట్టాయి?"

మైదానం దాకా ఆయన మనసులో లెక్కలు ఆగలేదు. అరవై అన్నది నలభై అయితే, నడిమధ్య అన్నది ఇంకెంత అడుగున ఉందో. అయినా ఏమో. ఒకవేళ పులి బండిలో సరిగ్గానే చూపిస్తోందేమో. పిల్ల జట్టులోకి వెళ్లే రోజున, తన భయంతో తనే చెడగొడుతున్నాడేమో. శబ్దం ఇంకేదైనా కావచ్చు. వెనక్కి తిరిగితే బాగుండుననిపించింది. స్కూటరు మాత్రం ముందుకే పోయింది.

కార్లు వరసలో ఉన్నాయి. కూతురి కారు ముందు ఇంకొక్క కారే ఉంది. హెల్మెట్ పెట్టుకుని, చేతులు స్టీరింగు మీద వేసి, ఆమె మలుపులు మనసులో చదువుకుంటోంది. ఆయన పరిగెత్తుకెళ్లి కిటికీ మీద కొట్టాడు.

"నాన్నా! ఏమైంది? అమ్మకా?"

"అమ్మకేం కాలేదు. బండి పక్కకి తియ్యి తల్లీ."

"ఇప్పుడా? వరస తప్పితే ఇవాళ్టికి మళ్లీ చోటివ్వరు."

"ఆ మీటరు తప్పు చూపిస్తోందేమో."

"ఏమోనా?" హెల్మెట్ లోపల ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఏమో అని నన్ను దిగిపొమ్మంటున్నావా?"

"ఏమోనే. నాకు తెలియదమ్మా." ఆయన కిటికీ అంచు పట్టుకున్నాడు. "ముఖం చూశాను, బరువు చూశాను. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడలేదు. ఇది చెప్పేది నిజమని నేను హామీ ఇవ్వలేను. అబద్ధమనీ ఇవ్వలేను."

ముందున్న కారు వెళ్లిపోయింది. జెండా పట్టుకున్నతను ఆమెకి రమ్మని సైగ చేశాడు. ఆమె మీటరు వంక చూసింది. సూది నడిమధ్యలో, ఫొటోకి నిలబడినట్టు నిలబడి ఉంది.

"ఆ శబ్దం వచ్చినప్పుడు కూడా ఇది ఇలాగే ఉంది" అంది మెల్లగా, తనలో తను అనుకున్నట్టు. స్టీరింగు పక్కకి తిప్పి వరసలోంచి బయటికొచ్చేసింది. ఆయన ముఖం వైపు చూడలేదు.

బావమరిది గొణుక్కుంటూనే పులి తీగ పీకి, ఆ చోట ఇత్తడి మీటరుకి గొట్టం బిగించాడు. ఇంజను ఇంకా వేడిగానే ఉంది. ఆమె స్టార్టు చేసింది. ముగ్గురూ వంగి చూశారు. ఇత్తడి సూది లేచింది, కాస్త పైకెళ్లింది, ఆగింది, అక్కడి నుంచి జారుతూ అడుగుకి వచ్చింది. ఆమె కొంచెం రేజ్ చేసింది. సూది లేవకపోగా వణికింది.

"ఆపు! ఆపవే!" బావమరిది అరిచాడు.

ఇంజను ఆగిపోయాక మైదానంలో ఇంకొకరి కారు రొద చాలాసేపు వినబడింది. ఆ టైముకి అక్కడ ఉండాల్సింది తన కారు. ఆమె హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బండిని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. కింది నూనె చాంబరు విప్పారు. నూనెని పైకి పీల్చే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. దాని నిండా నల్లటి రబ్బరు పీలికలు అంటుకుని ఉన్నాయి. బావమరిది ఒకటి వేలితో తీసి, సాగదీసి చూశాడు. కారు కొన్నప్పుడు ఆ చాంబరుకి కొత్త ప్యాకింగు వేసి గమ్ము పట్టించింది అతనే. నూనె కారకూడదని ఎప్పుడూ ఒక చుట్టు ఎక్కువే వేస్తాడు. ఆ ఎక్కువ చుట్టు లోపలికి పొంగి, ఎండి, రబ్బరు పీలికలై జల్లెడకి చేరింది. పెద్ద మలుపులో నూనె ఒక పక్కకి ఒరిగినప్పుడు, సగం మూసుకున్న మూతికి అందక ఇంజను ఎండు బేరింగుల మీద తిరిగింది.

"నా చేతి చలవే బావా" అన్నాడు చివరికి.

"నీది గమ్ము, నాది తూకం. ఇద్దరం చెరో చెయ్యి వేశాం."

"ఇద్దరిదీ అయ్యిందా?" అంది కూతురు, దోసిట్లో పాత బేరింగులు పట్టుకుని. వాటి మీద గీతలు పడ్డాయి. వాటిలో తిరిగే ఇరుసు మీద ఇంకా పడలేదు. "చెప్పు మామయ్యా. బతుకుతుందా?"

బావమరిది ఇరుసుని గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి, గోరు వేసి చూశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. "బేరింగులు మారిస్తే చాలు. ఇవాళ ఒక్క పరుగు తీసి ఉంటే తుక్కే."

ఆమె తండ్రి వంక అప్పుడు చూసింది. పక్కనున్న నీళ్ల సీసా ఆయన చేతికిచ్చింది. పొద్దుటి నుంచి గొంతు తడవలేదని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక ఆయన పులి మీటరు విప్పాడు. చిన్న సర్క్యూటు పలక, కాస్త ఒత్తిడి తగిలితే చాలు సూదిని నడిమధ్యకి లేపి నిలబెట్టే గోరంత మోటారు, వాటి వెనక బిళ్లంత ఇనుప ముక్క. దానికి ఏ తీగా లేదు. ఏ పనీ లేదు. రెండు చుక్కల బంకతో అంటించి ఉందంతే.

భార్య దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇదెందుకండీ ఇందులో?"

"నా కోసం."

"అంటే?"

"చేతిలో పెట్టుకుని ఎగరేసేవాళ్లుంటారని వాళ్లకి తెలుసు."

ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత ఆయనకీ నవ్వొచ్చింది, కాస్త ఆలస్యంగా.

ఇక లెక్క. పోయినవి: ఆ ఏటి జట్టులో చోటు, ఒక నూనె మీటరు, విప్పేసినందుకు ఎవరూ తిరిగి తీసుకోరు. కూతురి చేతిలో గొప్పగా పెట్టిన మిగులు కొత్త బేరింగులకి ఖర్చయింది. రెండు జతల వైపర్లు ఊరికే పోలేదు. పెద్దాయన ఆ పూట మూడు బల్బులు అమ్మిపెట్టి, గల్లా పెట్టెలో డబ్బు సరిగ్గా వేసి, ఎగిరిపోయిన బిల్లులు ఏరి, ఇనుప ఫిల్టరొకటి వాటి మీద బరువుకి పెట్టి వెళ్లాడు.

మిగిలినవి: ఒక ఇంజను. డాష్‌బోర్డు మీద, అందమైన టర్బో మీటరు పక్కన, పసుపుపచ్చ అద్దంతో ఒక ఇత్తడి మీటరు. దాని సూది ప్రతి మలుపులోనూ కదులుతుంది. మొదట్లో కూతురు ఉలిక్కిపడేది. ఇప్పుడు కదలకపోతే ఉలిక్కిపడుతుంది. పై ఏటి పరుగులో ఆమె కింది నుంచి లెక్కపెడితేనే త్వరగా దొరికే స్థానంలో వచ్చింది. ఇంజనుతో పాటు ఇంటికి తిరిగొచ్చింది.

ఇంకొకటి కూడా లాభంలోనే వేసుకున్నాడు తూకం. మొన్న ఎవరో రెండు హారన్లు బల్ల మీద పెట్టి ఏది మంచిదని అడిగారు. ఆయన చెయ్యి అలవాటుగా ఒకదాన్ని ఎగరేయబోయి ఆగింది. రెండింటినీ వెనక్కి తిప్పాడు.

"ఏమో సార్, తెలియదు" అన్నాడు. "ఉండండి, విప్పి చూద్దాం."

షట్టరు దించాల్సిన పని రాలేదు. ఆ మనిషి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.